కీ వాచ్ ఆగిపోయిందా? వెనక మూత తీయకుండానే లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి

స్మార్ట్‌వాచ్ ఛార్జింగ్ ఎక్కకపోతే ఏం చెయ్యాలో మనందరికీ తెలుసు. ముందు కేబుల్ మారుస్తాం, తర్వాత అడాప్టర్ మారుస్తాం, వెనకున్న పిన్నులు తుడుస్తాం. ఇవన్నీ అయ్యాక కూడా ఎక్కకపోతేనే బ్యాటరీ మీద అనుమానపడతాం. అదే ఇంట్లో ఉన్న పాత కీ వాచ్ ఆగిపోతే మాత్రం ఈ వరస ఎవరికీ గుర్తుకురాదు. "స్ప్రింగ్ పోయిందేమో", "కీ ఎక్కువైందేమో" అని ఒక మాట అనేసి డబ్బాలో పడేస్తాం. లేదా షాపులో ఇచ్చేసి వాళ్ళు ఏది చెప్తే దానికి తలూపుతాం.

నిజానికి కీ ఇవ్వడం అంటే ఛార్జింగ్ పెట్టడమే. ఆ ఛార్జింగ్ ఎక్కడ ఆగిందో మీ బొటనవేలు, చూపుడువేలు, చెవి కలిసి చాలావరకు చెప్పేస్తాయి. ఈ ఆర్టికల్‌లో ఆ పద్ధతిని స్టెప్ బై స్టెప్ చెప్తాను. టూల్స్ ఏమీ అక్కర్లేదు. వాచ్, మీ ఫోన్, ఒక పెన్ను, కాగితం ఉంటే చాలు.

నేను ఉండేది నస్పూర్‌లో. సీసీసీ చుట్టుపక్కల సింగరేణి క్వార్టర్లలో, శ్రీరాంపూర్ ఏరియా బాయిల్లో పనిచేసి రిటైర్ అయినవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి వాచ్‌లు ఇంకా చాలానే ఉన్నాయి. బొగ్గు దుమ్ము, చెమట, ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే వేడి, ఇవన్నీ తిన్న వాచ్‌లు అవి. ఫోన్ల రివ్యూలు రాస్తానని తెలిసి, "ఇది కూడా ఒకసారి చూడు బిడ్డా" అని తెచ్చిస్తుంటారు. అలా చూస్తూ చూస్తూ నాకు కుదిరిన వరస ఇది.

ముందు మీ వాచ్ ఏ రకమో తేల్చుకోండి

సెకన్ల ముల్లు సెకనుకి ఒక్కసారి టక్ మని దూకితే అది సాధారణంగా బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్. దానికి ఈ ఆర్టికల్‌తో పని లేదు. ముల్లు చిన్న చిన్న అడుగులతో జారుతున్నట్టు వెళ్తే అది మెకానికల్. ఇందులో మళ్ళీ రెండు రకాలు.

మొదటిది చేత్తో కీ ఇచ్చే వాచ్. మన దగ్గర ఎక్కువగా కనిపించేది హెచ్‌ఎంటీ. జపాన్‌కి చెందిన సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచ్‌ల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్ లాంటి మోడల్స్ చేత్తో కీ ఇచ్చేవే. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980ల్లో జపాన్ సీకో సహకారంతో వాచ్‌లు చేసింది. ఆల్విన్ వాచ్‌ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకి కేంద్ర కేబినెట్ 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. అంటే ఈ పాత వాచ్‌లకి దొరికే పార్టులు చాలావరకు మిగిలిపోయిన పాత స్టాక్, లేదా వేరే పాత వాచ్‌ల నుంచి తీసినవి. అందుకే లోపం ఏంటో తెలియకుండా లోపలి మిషన్ మొత్తం మార్పించుకోకూడదు. ఒక్కసారి ఒరిజినల్ మిషన్ చేతులు మారితే మళ్ళీ తిరిగి రాదు.

రెండోది ఆటోమేటిక్. వాచ్‌ని మెల్లగా అటూ ఇటూ ఊపితే లోపల ఒక బరువు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. అదే రోటర్. చెయ్యి కదిలినప్పుడల్లా అది స్ప్రింగ్‌కి కీ ఇస్తుంది. దీని సంగతి వేరేగా కింద చెప్తాను. ఎందుకంటే చేతి కీ వాచ్‌లో లోపం అనిపించేది ఆటోమేటిక్‌లో మామూలు విషయం కావచ్చు.

కీ తిప్పినప్పుడు లోపల జరిగేది ఇదీ

పక్కన తిప్పే గుండీని క్రౌన్ అంటారు. దాని వెనక సన్నని ఇనుప పుల్ల ఉంటుంది, అది స్టెమ్. స్టెమ్ మీద రెండు చిన్న పళ్ళ చక్రాలు ఒకదానికొకటి ఎదురెదురుగా కూర్చుంటాయి. వాటి మధ్య పళ్ళు ఏటవాలుగా రంపంలా ఉంటాయి. ముందుకి తిప్పితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వెనక్కి తిప్పితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి.

అక్కడి నుంచి కదలిక క్రౌన్ వీల్‌కి, దాని నుంచి పెద్దదైన రాచెట్ వీల్‌కి వెళ్తుంది. రాచెట్ వీల్ తిరిగితే బ్యారెల్ అనే డబ్బా మధ్యలోని ఇరుసు తిరుగుతుంది, దాని చుట్టూ మెయిన్‌స్ప్రింగ్ చుట్టుకుంటుంది. చుట్టిన స్ప్రింగ్ వెంటనే వెనక్కి విడిపోకుండా రాచెట్ వీల్ పళ్ళని క్లిక్ అనే చిన్న కొక్కెం పట్టుకుంటుంది. ఆ కొక్కేన్ని నొక్కి ఉంచేది వెంట్రుకంత సన్నని క్లిక్ స్ప్రింగ్.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. ముందుకి తిప్పినప్పుడు వచ్చే టిక్ టిక్ శబ్దం రాచెట్ పళ్ళ మీద క్లిక్ పడేది. వెనక్కి తిప్పినప్పుడు వచ్చే మెత్తని కిర్రుమనే శబ్దం స్టెమ్ మీది ఏటవాలు పళ్ళు జారేది. ఈ రెండు శబ్దాల తేడా ఒకసారి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మూడు ప్రశ్నలు

వాచ్‌ని చేతి నుంచి తీసి పట్టుకోండి. క్రౌన్ పూర్తిగా లోపలికి నొక్కి ఉండాలి. మెల్లగా ముందుకి, అంటే 12 వైపు తిప్పండి. ఈ మూడింటికి జవాబు రాసుకోండి.

ఒకటి: టిక్ టిక్ వినిపిస్తోందా?

రెండు: తిప్పేకొద్దీ బిగువు పెరుగుతోందా?

మూడు: చివరికి ఆగుతోందా? ఆగాక క్రౌన్ వదిలేస్తే అక్కడే ఉంటోందా, వెనక్కి తిరిగిపోతోందా?

పూర్తిగా దిగిపోయిన చేతి కీ వాచ్ నిండటానికి మోడల్‌ని బట్టి క్రౌన్ సుమారు 20 నుంచి 40 పూర్తి చుట్లు పడుతుంది. వేళ్ళతో ఒకసారి తిప్పితే సగం చుట్టు కూడా రాదు కాబట్టి లెక్క దాన్ని బట్టి చూసుకోండి. వదిలేసినప్పుడు క్రౌన్ వెంట్రుకవాసి వెనక్కి రావడం మామూలే. క్లిక్‌ని అలాగే డిజైన్ చేస్తారు, స్ప్రింగ్ మరీ బిగిసి ఉండకుండా.

తర్వాత క్రౌన్ బయటికి లాగి టైమ్ మార్చి చూడండి. ముళ్ళు సరిగా తిరుగుతున్నాయా లేదా అన్నది నాలుగో జవాబు. ఇది చాలా ముఖ్యం. ముళ్ళు తిప్పేదీ, కీ ఇచ్చేదీ ఒకే స్టెమ్. ఒక పని అయ్యి రెండోది అవ్వకపోతే, స్టెమ్ బాగానే ఉందని అర్థం.

జవాబుల్ని బట్టి లోపం ఎక్కడ

*టిక్ టిక్ లేదు, బిగువు లేదు, ముళ్ళు కూడా తిరగట్లేదు.* క్రౌన్ గాలికి తిరుగుతున్నట్టు ఉంటుంది. స్టెమ్ విరిగి ఉండాలి, లేదా క్రౌన్ మర ఊడి ఉండాలి. లాగితే క్రౌన్ మొత్తం చేతిలోకి వచ్చేస్తే, స్టెమ్‌ని పట్టి ఉంచే సెట్టింగ్ లివర్ స్క్రూ వదులై ఉండొచ్చు. ఇవన్నీ చిన్న రిపేర్లు. మిషన్ జోలికి వెళ్ళాల్సిన అవసరం లేదు.

*ముళ్ళు తిరుగుతున్నాయి, కీ మాత్రం ముందుకి తిప్పినా వెనక్కి తిప్పినా ఒకేలా గరగరమంటూ జారుతోంది.* స్టెమ్ మీది ఏటవాలు పళ్ళు అరిగిపోయాయి, లేదా వాటిని ఒకదానికొకటి నొక్కి ఉంచే స్ప్రింగ్ బలహీనపడింది. ఏళ్ళ తరబడి రోజూ కీ ఇచ్చిన వాచ్‌లలో ఇది సహజం.

*టిక్ టిక్ బాగానే వస్తోంది, ఎంత తిప్పినా బిగువు రావట్లేదు, వాచ్ నడవట్లేదు.* ఇది మెయిన్‌స్ప్రింగ్ కేసు. స్ప్రింగ్ తెగింది, లేదా దాని లోపలి కొస ఇరుసు కొక్కెం నుంచి జారింది. స్ప్రింగ్ పోయిందని గట్టిగా చెప్పగలిగేది ముఖ్యంగా ఈ లక్షణం ఉంటేనే.

*కొంతవరకు బిగిసి, టప్ మని జారి మళ్ళీ వదులవుతోంది. వాచ్ కొన్ని గంటలు నడుస్తోంది.* స్ప్రింగ్ బయటి కొస డబ్బా గోడని సరిగా పట్టుకోవట్లేదు. దీన్ని అలాగే వాడకండి.

*బిగువు వస్తోంది, వదిలేయగానే క్రౌన్ గిర్రున వెనక్కి తిరుగుతోంది.* క్లిక్ లేదా క్లిక్ స్ప్రింగ్ పోయింది. స్ప్రింగ్ బలమంతా ఒక్కసారి వెనక్కి వస్తుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ తిప్పి చూడకండి, పళ్ళు దెబ్బతింటాయి. మార్చాల్సింది మాత్రం చాలా చిన్న ముక్క.

*కీ ఇస్తుంటే ముళ్ళు కూడా కదులుతున్నాయి, లేదా క్రౌన్ లోపల నిలవకుండా బయటికి వచ్చేస్తోంది.* కీ స్థానం, టైమ్ స్థానం మధ్య క్రౌన్‌ని ఆపే రేకు స్ప్రింగ్ విరిగి ఉంటుంది.

*అన్ని స్థానాల్లోనూ క్రౌన్ మొండిగా, బరువుగా తిరుగుతోంది.* స్టెమ్‌కి తుప్పు, లేదా క్రౌన్ గొట్టంలో చెమట, దుమ్ము కలిసి గట్టిపడిన మట్టి. మా దగ్గర బాయి దుమ్ము వల్ల ఇది ఎక్కువగా చూస్తుంటాను.

"కీ ఎక్కువైంది" అనేది నిజమేనా?

మా కాలనీలో ఒక పెద్దాయన మొదటి జీతంతో కొన్న కీ వాచ్ తెచ్చారు. "కీ ఎక్కువ ఇచ్చిన బిడ్డా, గందుకే పట్టేసింది" అన్నారు. ఒక షాపులో చూపిస్తే మెయిన్‌స్ప్రింగ్ పోయింది, మిషన్ మొత్తం మార్చాలి అన్నారట. కొడుకేమో, "ఎందుకు బాపు, దాని పైసలతో కొత్త స్మార్ట్‌వాచే వస్తది కదా" అంటున్నాడు. ఆయన అడిగింది ఒక్కటే, ఇది నిజంగా పోయిందా లేదా అని.

క్రౌన్ తిప్పి చూశాను. రెండు టిక్కులు వినిపించాయి, గట్టిగా ఆగింది. వదిలితే అక్కడే ఉంది. ముళ్ళు తిరుగుతున్నాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం దీని అర్థం ఏంటో చూడండి. టిక్కులు వచ్చాయంటే రాచెట్, క్లిక్ బాగున్నాయి. గట్టిగా ఆగిందంటే స్ప్రింగ్ తెగలేదు, పైగా నిండుగా చుట్టుకుని ఉంది. తెగిన స్ప్రింగ్ అలా ఆగి నిలబడదు. అంటే ఛార్జింగ్ ఫుల్‌గా ఉంది, కానీ ఆ బలం ముందుకి వెళ్ళట్లేదు. లోపం కీ ఇచ్చే వైపు కాదు, దాని తర్వాత ఉన్న చక్రాల వరసలోనో, బ్యాలెన్స్‌లోనో ఉంది. మణికట్టు తిప్పినట్టు వాచ్‌ని మెల్లగా తిప్పితే సెకన్ల ముల్లు నాలుగైదు సెకన్లు నడిచి ఆగింది. ఎండిపోయిన ఆయిల్, దుమ్ము అడ్డుపడితే ఇలాగే ఉంటుంది.

ఇదంతా ఒక కాగితం మీద రాసి, మంచిర్యాలలో మెకానికల్ వాచ్‌లు విప్పి కడిగే ఒక పాత మెకానిక్ దగ్గరికి పంపాను. ఆయన మొత్తం విప్పి, కడిగి, కొత్త ఆయిల్ వేశారు. స్ప్రింగ్ పాతదే, మిషన్ పాతదే. తిరిగొచ్చాక ఒకసారి నిండా కీ ఇస్తే 38 గంటలు నడిచింది.

కాబట్టి కీ ఎక్కువ అవ్వడం వల్ల వాచ్ ఆగదు. చేతి కీ వాచ్‌లో స్ప్రింగ్ నిండాక ఇంక చుట్టుకోదు, అంతే. వాచ్ వేరే కారణంతో ఆగుతుంది, క్రౌన్ బిగుసుకుని కనిపిస్తుంది, మనం రెండింటినీ కలిపేస్తాం. అయితే ఆగిన తర్వాత కూడా బలవంతంగా తిప్పితే స్టెమ్, పళ్ళు, స్ప్రింగ్ కొక్కెం దెబ్బతింటాయి. ఆగినట్టు వేలికి తెలియగానే ఆపేయండి.

ఆటోమేటిక్ అయితే ఇలా చూడండి

ఆటోమేటిక్‌లో క్రౌన్ చివరికి ఆగదు. స్ప్రింగ్ నిండాక దాని బయటి కొస డబ్బా గోడ మీద జారిపోయేలా చేస్తారు, లేకపోతే రోజంతా రోటర్ కీ ఇస్తూ పోతే తట్టుకోలేదు. కాబట్టి మూడో ప్రశ్నకి "ఆగట్లేదు" అని వస్తే భయపడకండి.

ఇంకో విషయం. సీకో 5 వాచ్‌లలో చాలాకాలం వచ్చిన 7ఎస్26 మిషన్‌కి అసలు చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. క్రౌన్ లోపల ఉన్నప్పుడు తిప్పితే ఉత్తినే తిరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇది కొన్నవాళ్ళు కీ పోయిందని అనుకుంటారు. అది లోపం కాదు, డిజైన్. వాచ్‌ని అడ్డంగా పట్టుకుని కొంతసేపు అటూ ఇటూ మెల్లగా ఊపితే నడవడం మొదలుపెడుతుంది. తర్వాత వచ్చిన 4ఆర్36, బయటి కంపెనీలకి అమ్మే ఎన్‌హెచ్35 మిషన్లలో చేత్తో కీ ఇవ్వొచ్చు.

చేత్తో కీ ఇవ్వగలిగే ఆటోమేటిక్‌కి ఒక మంచి టెస్ట్ ఉంది. 40 చుట్ల వరకు ఇచ్చి టేబుల్ మీద పెట్టేయండి. రోజున్నర నడిస్తే స్ప్రింగ్, చక్రాలు బాగున్నట్టు. అదే వాచ్ పగలంతా చేతికి పెట్టుకున్నా తెల్లారేసరికి ఆగిపోతుంటే, లోపం రోటర్ వైపు ఉంది, లేదా మీ చెయ్యి అంతగా కదలట్లేదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి ఈ రెండోదే ఎక్కువ.

మీ ఫోన్‌తో చేసుకునే నాలుగు టెస్టులు

1. వాయిస్ రికార్డర్: ఫ్యాన్ ఆపేసి, ఫోన్ మైక్ దగ్గర వాచ్ పెట్టి ముందుకి 10 సార్లు, వెనక్కి 10 సార్లు తిప్పి రికార్డ్ చేయండి. రెండు శబ్దాలూ వేరుగా ఉండాలి. ఒకేలా ఉంటే ఏటవాలు పళ్ళ మీద అనుమానం. ఈ రికార్డింగ్‌ని వాట్సాప్‌లో మెకానిక్‌కి కూడా పంపొచ్చు.

2. అలారం, నోట్స్: ఉదయం 8కి నిండా కీ ఇచ్చి నోట్స్‌లో రాయండి. ఆగిన వాచ్ తనే ఎప్పుడు ఆగిందో ముళ్ళతో చెప్తుంది. కాకపోతే పగలా రాత్రా అన్నది చెప్పదు కాబట్టి, రాత్రి పడుకునే ముందు, ఉదయం లేవగానే నడుస్తోందో లేదో చూడండి. 36 గంటలకి అటూ ఇటూ నడిస్తే మంచిదే. నిండుగా ఎక్కి కూడా 15 గంటల్లో ఆగిపోతే స్ప్రింగ్ అలసిపోయింది, లేదా ఆయిల్ ఎండింది. ముందు సర్వీసింగ్ చేయించి, తర్వాత కూడా మారకపోతేనే స్ప్రింగ్ మార్చమనండి.

3. టైమ్‌గ్రాఫర్ యాప్: వాచ్ శబ్దం విని రోజుకి ఎన్ని సెకన్లు ముందో వెనకో చెప్పే యాప్‌లు ఉన్నాయి. కీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, 24 గంటల తర్వాత ఒకసారి చూడండి. రెండింటి మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే స్ప్రింగ్ బలం సమానంగా అందట్లేదు. ఫోన్ మైక్‌తో వచ్చే అంకెల్ని తుది తీర్పుగా తీసుకోకండి, పోలికకి మాత్రమే వాడండి.

4. స్లో మోషన్ వీడియో: వెనక గ్లాస్ ఉన్న వాచ్ అయితే, లేదా మెకానిక్ మూత తీసినప్పుడు, బ్యాలెన్స్ చక్రాన్ని 240 ఎఫ్‌పీఎస్‌లో తీయండి. కీ నిండుగా ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న బ్యాలెన్స్ మధ్య నుంచి ఒక్కో వైపుకి సుమారు 270 డిగ్రీలు, అంటే ముప్పావు చుట్టు ఊగుతుంది. సగం చుట్టు కూడా ఊగకపోతే బలం సరిగా అందట్లేదు.

ఒక హెచ్చరిక కూడా. వాచ్ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి పరిగెడుతుంటే అది కీ సమస్య కాదు, అయస్కాంతం పట్టి ఉండొచ్చు. ఫోన్ స్పీకర్లలో, మ్యాగ్నెటిక్ ఛార్జర్లలో, ట్యాబ్ కవర్లలో అయస్కాంతాలు ఉంటాయి. రాత్రి వాచ్‌ని వాటి పక్కన పెట్టకండి.

ఇవి చేయకండి

చేతికి ఉండగా కీ ఇవ్వకండి. వేళ్ళు పక్కకి లాగుతాయి, స్టెమ్ వంగుతుంది. క్రౌన్ సందులో కొబ్బరి నూనె, కుట్టు మిషన్ ఆయిల్ లాంటివి వేయకండి. అది లోపలికి పాకి దుమ్ముని పట్టుకుని ముద్ద అవుతుంది. వంటింటి కత్తితో మూత తీయకండి. మిషన్ విప్పాల్సి వస్తే ముందు స్ప్రింగ్ బలం మెల్లగా దించాలి, అది తెలిసినవాళ్ళ పని.

షాపులో ఇచ్చే కాగితం ఇలా రాయండి

"వాచ్ రకం: చేతి కీ. టిక్ టిక్: ఉంది. బిగువు: వస్తోంది. ఆగడం: 30 చుట్లకి ఆగుతోంది. వదిలితే: అక్కడే ఉంటోంది. ముళ్ళు: తిరుగుతున్నాయి. నిండా కీ ఇస్తే: 14 గంటలు నడుస్తోంది." మీ జవాబులు మీవి పెట్టుకోండి.

దీంతో పాటు రెండు మాటలు చెప్పండి: "నన్ను అడగకుండా మిషన్ మార్చొద్దు. మార్చిన పాత ముక్క నాకు ఇవ్వండి." ఇవ్వడానికి ముందు డయల్, వెనక మూత ఫోటోలు తీసుకోండి. మూత తీశాక లోపలి మిషన్ ఫోటో కూడా ఒకటి తీయమని అడగండి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పాత హెచ్‌ఎంటీల్లో రంగు వేసిన డయల్, వేర్వేరు వాచ్‌ల పార్టులు కలిపినవి ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లో ఉన్న అసలైనదాన్ని అలా కానివ్వకండి.

స్ప్రింగ్ పోయిందని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి: "తిప్పితే బిగువు వస్తోందా, లేదా?" బిగిసి, ఆగి, నిలబడుతుంటే స్ప్రింగ్ బతికే ఉంది. అప్పుడు మీ వాచ్‌కి కావాల్సింది కొత్త మిషన్ కాదు, ఒక మంచి సర్వీసింగ్.